పళ్ల మధ్య ఖర్జూరపు గింజ

మధ్యాహ్నం భోజనాలయ్యాక పై అంతస్తులో కుట్టు మిషన్ మొదలవుతుంది. ముందు గొంతు సవరించుకున్నట్టు ఒకసారి కటకటలాడి ఆగుతుంది. ఆ తరువాత ఇక సాయంత్రం దాకా దానికి అలుపు లేదు. ఆ చప్పుడు గాలిలో రాదు. స్లాబులోంచి గోడలోకి, గోడలోంచి నా మంచం కోళ్లలోకి దిగి, పట్టె మీద పెట్టిన అరచేతికి సన్నగా వణుకుతూ తగులుతుంది. ప్రభుత్వం కట్టి ఇచ్చిన ఇళ్లు మావి. గోడలు పేరుకే గోడలు. పక్కింట్లో పోపు వేస్తే ఇక్కడ తుమ్ములు వస్తాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ చప్పుడంటే ఇష్టమే. ఒక ప్లైవుడ్ పలకకు అటూ ఇటూ తలలు పెట్టుకుని బతికిన వయసు గుర్తుకొస్తుంది.

మొన్న మా బ్లాకు కమిటీ అధ్యక్షుడు వచ్చి నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుట్టు మిషన్ రజితది. ఆమె ఇంటికి సరిగ్గా కింద, నా ఇంటికి ఎదురుగా, సత్యం ఉంటాడు. రాత్రంతా ఆసుపత్రిలో కాపలా కాసి పగలు పడుకునే మనిషి. నిద్ర లేక అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్న మాట నిజమే. "తాతా, ఆమెకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇగ ఇల్లు కేన్సిల్ చేయించుడే. నువ్వు పెద్దమనిషివి, ఆఫీసుల వచ్చి ఒక్క మాట చెప్తే పనైతది," అన్నాడు.

కేన్సిల్! ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఇల్లు ఇచ్చే చెయ్యి సర్కారుదైనా, కంపెనీదైనా, మన దేశానిదైనా, ఎడారి దేశానిదైనా, దానికి తెలిసిన వైద్యం ఇదొక్కటే. చప్పుడు చేసే మనిషిని తీసేస్తే చప్పుడు పోతుంది. ముందు వచ్చి మొర పెట్టుకున్నవాడు మంచివాడు, రెండోవాడు రౌడీ. ఈ వైద్యం ఒకప్పుడు నా మీదే జరగబోయింది, ఖతార్ దేశంలోని దోహాలో, నజ్మా అనే పేటలో. అప్పుడు ఒక మనిషి అడ్డం పడుకున్నాడు. అడ్డం పడ్డాడని అనడం లేదు, పడుకున్నాడనే అంటున్నాను. నిజంగానే మంచం మీద పడుకున్నాడు. ఆయన పేరు వహీద్ సాబ్.

ఆయనది వరంగల్. మా క్యాంప్ బాస్, అంటే కంపెనీ కూలీల బస చూసుకునే మనిషి. క్యాంప్ అంటే ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూపించే గేట్లూ, వరుస గదులూ కాదు. నజ్మా సందులో ఒక పాత అరబ్బీ ఇల్లు. నడుమ వాకిలి, చుట్టూ గదులు. చమురు ధర పెరిగి ఊరంతా ఒక్కసారి తవ్వి కట్టడం మొదలుపెట్టిన రోజులవి. విమానాల నిండా మనుషులను దింపుకున్నారు కానీ, వాళ్లు పడుకునే చోటు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఉన్న గదులనే ప్లైవుడ్ పలకలతో కోసి రెండేసి చేశారు. కంపెనీ యజమానిదే ఆ ఇల్లు కూడా; ఆయనను అందరమూ అర్బాబ్ అనేవాళ్లం. అర్బాబ్ చెడ్డవాడు కాదు. గొడవ వినే ఓపిక లేనివాడు, అంతే. ఎవరి మీద మాట వచ్చినా వేలితో గాలిని ఒక్కసారి తుడిచి "కేన్సిల్" అనేవాడు. వీసా కేన్సిల్ అంటే ఆ వారంలోనే విమానం.

వహీద్ సాబ్ పొట్టి మనిషి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ, ఒక పక్క దారం. మాతో తెలుగు, వంటవాడితో దక్కనీ, అర్బాబుతో అరబ్బీ మాట్లాడేవాడు; మూడింటిలోనూ ఒకే నెమ్మది. గుమ్మంలో నిలబడి చెప్పే ఫిర్యాదు ఆయన వినేవాడు కాదు. "నిలవడి చెప్పేదంత కోపమే భాయ్. నీ మంచం చూపియ్యి," అనేవాడు. ఏ వేళకు ఆ బాధ కలుగుతుందో అడిగి తెలుసుకుని, ఆ వేళకు వచ్చి, చెప్పులు విప్పి, కళ్లద్దాలు గుండె మీద పెట్టుకుని ఆ మంచం మీద తనే పడుకునేవాడు. పక్కగది కూలర్ మోతకు చచ్చిపోతున్నానని ఒక డ్రైవర్ ఏడిస్తే అలాగే పడుకుని విన్నాడు. లేచి వెళ్లి కూలర్‌ను ముట్టుకోలేదు. దాని గాలికి కిటికీ మీద కొట్టుకుంటున్న రేకు కింద అట్టముక్క మడిచి దోపాడు. మోత పోయింది. మావాళ్లు మాత్రం నవ్వేవాళ్లు. "సాబుకు నిద్రొచ్చినప్పుడల్ల ఎవడో ఒకడు పిర్యాదు జెయ్యాలె," అని. ఆయనా నవ్వేవాడు, మానేవాడు కాదు.

ఇక నా సంగతి. రెండో తరగతిలో బడి మానేసిన వాణ్ని. అక్షరాలు ఏవేవో గుర్తుండేవి కానీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. తాపీ పనికి అక్కడికి వెళ్లాక ఎందుకో చదవాలనే పిచ్చి పట్టింది. సెలవు మీద ఊరికి వెళ్లి వచ్చినవాళ్లు పచ్చడి సీసాలు తెచ్చుకునేవాళ్లు. ఆ సీసాలకు చుట్టిన తెలుగు పేపరు ముక్కలు అడిగి తీసుకునేవాణ్ని. ఎండాకాలంలో డ్యూటీ తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికి అయిపోయేది. తిని, మంచం మీద కూర్చుని, నూనె మరకల మధ్య అక్షరాలు వెతుక్కుంటూ గట్టిగా కూడబలుక్కునేవాణ్ని. గట్టిగా చదవక మరెలా? మా ఊళ్లో చదువంటే గొంతే. బడి పక్కనుంచి పోతే వినిపించేదే చదువు. నోరు మూసుకుని కాగితం వైపు చూసేవాడు కునుకు తీస్తున్నాడని అనుకునేవాళ్లం.

పలకకు అవతల పోచయ్య మంచం. నిర్మల్ వైపు మనిషి, సైటులో నీళ్లు తోడే పంపు దగ్గర రాత్రి డ్యూటీ. పగలు పడుకోవాలి. నా దిండుకూ అతని దిండుకూ మధ్య ఉన్నది ఆ ప్లైవుడ్ ఒక్కటే. దాని మీద పిడికిలితో దబదబ బాదేవాడు.

"ఓ మల్లన్నా! నీ సదువు సల్లగుండ, నన్ను పండనియ్యవా?"

"పట్టపగలు పండుకునేటోనికి జోలపాట ఎవడు పాడుతడే పోచన్నా?"

"మీసాలొచ్చినంక అఆలు దిద్దుతున్నడు. కలెక్టరైతడట, కలెక్టరు!"

ఆ మాట గుచ్చుకుంది. ఇంకా గట్టిగా చదివాను. ఆ రోజుల్లో నా దగ్గర ఒక మంచి ముక్క ఉండేది. ఎక్కడో ఒక ఊళ్లో ఎద్దు బావిలో పడింది. ఊరంతా చేరారు. నడుముకు మోకు కట్టి లాగుతుంటే, 'సగం దూరం పైకి వచ్చిన తరువాత తాడు' అన్నచోట కాగితం చిరిగిపోయింది. ముక్కలు తక్కువ కాబట్టి చదివిందే చదివేవాణ్ని. రోజూ మధ్యాహ్నం ఆ ఎద్దు బావిలో పడేది, రోజూ సగం దూరం వచ్చేది.

ఒక గురువారం సాయంత్రం అర్బాబ్ నీళ్ల ట్యాంకు చూడడానికి వచ్చాడు. వహీద్ సాబ్ నమాజుకు వెళ్లి ఉన్నాడు. పోచయ్య గదిలోంచి దూసుకొచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. "ముష్కిల్ అర్బాబ్, ముష్కిల్!" అని నన్ను చూపించి, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్ర అన్నట్టు, చెవులు మూసుకుని లేదు అన్నట్టు సైగలు చేశాడు. అర్బాబ్ నా వైపు తిరిగి గబగబా ఏదో అడిగాడు. చేతులు జోడించి, "మాఫీ అర్బాబ్, మాఫీ!" అన్నాను.

మనకు మాఫీ అంటే క్షమించడం. అరబ్బీలో మాఫీ అంటే 'లేదు'. నాకు తెలియక కాదు. నీళ్లు మాఫీ, బస్సు మాఫీ అని రోజుకు ఎన్నిసార్లు అనేవాళ్లమో లెక్క లేదు. కానీ భయం పుట్టినప్పుడు నోటికి నేర్చుకున్న మాట రాదు, పుట్టిన మాటే వస్తుంది. నేను మన్నించమని వేడుకుంటుంటే, ఆయనకు 'లేదు, ఏమీ లేదు' అని బుకాయిస్తున్నట్టు వినిపించింది. "మాఫీ?" అని కళ్లు పెద్దవి చేశాడు. నేను ఇంకా వంగి, "అవును అర్బాబ్, మాఫీ, మాఫీ!" అన్నాను. ఎంత బతిమాలుకుంటే అంత అబద్ధాలకోరునయ్యాను. ఆయన వేలు గాలిని తుడిచింది.

"ఖలాస్. కేన్సిల్."

అప్పుడే వహీద్ సాబ్ గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ అరబ్బీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. అర్బాబ్ కారెక్కాక సాబ్ నా దగ్గరికి వచ్చి చెప్పాడు. రేపటి శుక్రవారం కాక వచ్చే జుమ్మాకు అర్బాబ్ మళ్లీ వస్తాడు. అప్పటికీ ముష్కిల్, అంటే గొడవ, ఉంటే నేను పోవాలి.

ఇంటికి పోవడమంటే నాకు సిగ్గు ఒక్కటే కాదు. ఊళ్లో వాళ్లకు ఖతారూ దుబాయే. 'దుబాయ్ పోయి ఏడాది తిరగకముందే ఎల్లగొట్టిండ్రట' అంటారు, అననీ. నా భార్య అప్పుడే మా అన్న వాళ్ల వంటింట్లోంచి విడిపడి తన సొంత పొయ్యి వేసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లకు తన చేతి ఉప్పు, తన చేతి కారం. నేను వెనక్కి పోతే ఆ పొయ్యి చల్లారి, ఆమె మళ్లీ మా వదిన వంటింటి గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోయాలి. నాకు కళ్ల ముందు అదే కనపడింది.

"అరె పాగల్," అన్నాడు వహీద్ సాబ్. "నువ్వు మాఫీ అంటవు, ఆయన మాఫీ అని ఇంటడు. ఒక్క మాట మీద ఇద్దరు చెరొక గాడిద ఎక్కి పోయిండ్రు గదరా." తరువాత పోచయ్య వైపు తిరిగాడు. "నువ్వు జర సబర్ పట్టకపోతివి. పో, నీ మంచం చూపియ్యి."

మరునాడు మధ్యాహ్నం పోచయ్య మంచం మీద ఆయన పడుకున్నాడు. పోచయ్య కింద చాప మీద. "మల్లయ్యా, నీ రోజువారి సదువు మొదలువెట్టు. ఎప్పటి లెక్కనే, గట్టిగ," అని పలక అవతలి నుంచి ఆజ్ఞ. ఎద్దు ముక్క తీశాను. "బా...వి...లో ప...డి...న..." అని మొదలుపెట్టి, ఊరంతా చేరేదాకా, మోకు కట్టేదాకా, సగం దూరం పైకి వచ్చేదాకా చదివి, "తా...డు," అని ఆగాను.

పలక అవతల మంచం కిర్రుమంది. ఎవరో దిగ్గున లేచి కూర్చున్నారు.

"ఫిర్? తాడు ఏమాయె?"

"కాయిదం చినిగింది సాబ్. అంతే ఉంది."

పోచయ్య గొంతు వినిపించింది, ఏడుపూ కోపమూ కలిసిన గొంతు. "చూసినవా సాబ్! దినాం గిదే కథ. తాడు తెగిందో, ఎద్దు బతికిందో, ఎవ్వడు చెప్పడు. ఇంటికాడ నా ఎద్దును మా బావకు అప్పజెప్పి వచ్చిన. కన్ను మూస్తే బావిల పడ్డది అదే అయితది. ఎట్ల పడ్తది నిద్ర?"

వహీద్ సాబ్ నవ్వలేదు. ఈ మాట మీ నమ్మకానికి వదిలేస్తున్నాను కానీ, ఆయన చాలాసేపు నవ్వలేదు. అదే ఆ మనిషి గొప్పతనం. వాకిట్లోకి వచ్చి, నన్ను పిలిచి, "చప్పుడు కాదు భాయ్, సగం చప్పుడు," అన్నాడు. "దీనికి అట్టముక్క సరిపోదు."

జేబులోంచి ఖర్జూరపు పండు తీసి నాకిచ్చాడు. తిన్నాను. గింజ ఉమ్మబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముంగటి పండ్ల నడుమ పట్టు. గట్టిగ. ఇప్పుడు సదువు."

గింజ చేతిలోకి తీసుకుని అడిగాను. "నోరు కదలకుంటె అక్షరం ఎట్ల తెలుస్తది సాబ్?"

"నీకు ఆకలైతె నోటితోని చెప్పుకుంటవా? లోపట్నే తెలుస్తది గద. గట్లనే."

ఆ వారం నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే నవ్వుతారు. పళ్ల మధ్య గింజ పెట్టుకుని కాగితం చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నచోటే ఉండిపోయేవి. చొంగ కారి కాగితం తడిసేది. గొంతు లోపలినుంచి తన్నుకొచ్చేది, గింజ తగిలి ఆగేది. తల పగిలిపోయేది. వదిలేద్దామనుకున్నాను కూడా, చదువు మానేస్తే గొడవే లేదు, పొయ్యి ఆరదు. ఆ మాటే సాబుతో అన్నాను. ఆయనకు కోపం రావడం చూసింది అదొక్కసారే. "నువ్వు సదువు మానుడు, వాడు నిద్ర మానుడు, ఇదా ఫైసలా? ఒకన్ని చంపి ఇంకొకన్ని బతికిచ్చుడు అర్బాబుకు వస్తది. దానికి నేనెందుకు?"

తరువాత ఒక మధ్యాహ్నం, కూలర్ గాలికి కాగితం రెపరెపలాడుతుంటే బొటనవేలితో అదిమి పట్టుకుని చూస్తున్నాను. 'ఎద్దు' అన్న మాట వినిపించింది. నా నోరు కదలలేదు. నా గొంతు కాదది. ఎవరి గొంతో చెప్పలేను. తల లోపల, ఎక్కడో వెనుక, ఎవరో మెల్లగా నాకొక్కడికే చెప్పినట్టు వినిపించింది. పలక అవతల పోచయ్య గురక. ఆ గురక వింటూ ముక్క మొత్తం చదివాను. అంతకుముందు నేను చదివినదంతా నా గొంతులోంచి బయటికి పోయింది. ఆ రోజునుంచి చదివింది లోపలికి దిగి నిలిచింది. ఇన్నేళ్లలో నేను చదివిన వందల పుస్తకాలకు గుమ్మం ఆ గింజే. ఏ బడీ నాకు ఇంత నేర్పలేదు. నేర్పనూ లేదు, బడి నన్ను ఉంచుకోనూ లేదు.

ఫైసలాలో రెండో భాగం పోచయ్యది. సాయంత్రం డ్యూటీకి లేచి టీ తాగుతున్నప్పుడు నేను వాకిట్లో కూర్చుని అతనికి గట్టిగా చదివి వినిపించాలి. ముక్క ఎక్కడ చిరిగితే అక్కడినుంచి ఇద్దరమూ కలిసి పూర్తి చేయాలి. ఎద్దును బయటికి తీయడానికి మాకు మూడు నాలుగు సాయంత్రాలు పట్టింది. తాడు తెగలేదని నేనూ, తెగింది కానీ ఎద్దు మెట్ల మీద పడి బతికిందని పోచయ్యా వాదించుకున్నాం. చివరకు వహీద్ సాబే తేల్చాడు. "తాడు తెగలే. ఎద్దు ఎక్కింది. నేను క్యాంప్ బాస్‌ను, చెప్తున్న."

జుమ్మా వచ్చింది. నమాజు తరువాత అర్బాబ్ కారు సందులో ఆగింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు అతుక్కుని నిలబడ్డాను. నోట్లో ఆ గింజ ఉందని అప్పటికి మరిచిపోయాను. అర్బాబ్ నన్ను చూడలేదు. నేరుగా పోచయ్యను అడిగాడు, "ముష్కిల్?" అని.

పోచయ్య అర్బాబ్ వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. నన్ను చూస్తూనే అన్నాడు.

"మాఫీ."

అర్బాబ్ తల ఊపి, ట్యాంకు మూత మార్చమని చెప్పి వెళ్లిపోయాడు. కారు చప్పుడు సందు మలుపు తిరిగాక వహీద్ సాబ్ పోచయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఏ మాఫీ చెప్పినవ్ రా? వాళ్లదా, మనదా?"

"రెండూ సాబ్," అన్నాడు పోచయ్య. నాకు ఏడుపొచ్చి, నవ్వొచ్చి, గింజ మింగినంత పనైంది.

ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్లు ఉన్నాం. మా ఆవిడ పొయ్యి ఆరలేదు. తరువాత కంపెనీ పెద్దదయింది. నజ్మా ఇల్లు వదిలేసి ఊరి బయట కొత్త క్యాంపు కట్టారు. సిమెంటు గోడలు, గేటు, గేటు దగ్గర కాపలా. క్యాంపు చూసుకోవడానికి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఫిర్యాదు ఏ రోజుది ఆ రోజే తేలిపోవాలన్నాడు. వహీద్ సాబ్ మంచాల మీద పడుకుంటాడని ఎవరో చెప్పారు. డ్యూటీలో నిద్రపోయే ముసలివాడని ఆయన వీసా కేన్సిల్ చేశారు. నాకు ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. ఆ కొత్తవాడు ఒక్కరోజు, ఒక్క మధ్యాహ్నం, ఆయన మంచం మీద పడుకుని విని ఉంటే!

ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కే ముందు అందరినీ పేరు పేరునా పలకరించాడు సాబ్. నా ముందు ఆగి, దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మల్లయ్యా, సదువుతున్నవా?"

"సదువుతున్న సాబ్."

చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "మరి ఇనవడుతలేదు గదరా!"

అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. వరంగల్‌లో ఒకసారి వెతికాను, దొరకలేదు.

మొన్న కమిటీ అధ్యక్షుడిని కుర్చీలోంచి లేపి, కర్ర పట్టుకుని సత్యం ఇంటికి నడిచాను. "నీ మంచం ఎక్కడ బిడ్డా?" అంటే అతను అయోమయంగా చూపించాడు. చెప్పులు విప్పి పడుకున్నాను. అధ్యక్షుడు గుమ్మంలో నిలబడి, ముసలాయనకు మతి పోయిందన్నట్టు సత్యం వైపు చూశాడు. పైన మిషన్ మొదలైంది. సరిగ్గా నా నుదుటి మీదే కుడుతున్నట్టుంది. సత్యం తప్పు చెప్పలేదు. మెల్లగా మెట్లెక్కి పైకి వెళ్లి చూశాను, రజిత మిషన్ కిటికీ వెలుతురు కోసం ఆ మూలకే వేసుకుంటుంది. అతని మంచమూ ఆ మూలే, ఎందుకంటే ఇవతలి గోడకు బీరువా ఉంది. బీరువా అటు పోతే మంచం ఇటు పడుతుందని సత్యానికి చూపించాను. మిషన్ కాళ్ల కింద గోనెసంచి మడిచి వేయమని ఆమెతో చెప్పాను. చప్పుడు పోతుందో లేదో తెలియదు. "శుక్రవారం దాకా ఆగు. మళ్ల వచ్చి పండుకుంట, విని చెప్తా. అప్పటిదాక కేన్సిల్ మాట నా ముంగట అనకు," అని అధ్యక్షుడికి చెప్పి ఇంటికొచ్చాను.

మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆ గింజ ఎప్పుడో గదులు మారడంలో పోయింది. దాన్ని పట్టిన ముందరి పళ్లు కూడా ఊడిపోయాయి. అయినా పుస్తకం తెరవగానే నాలుక ముందుకు వచ్చి, ఆ ఖాళీలో దానికోసం తడుముకుంటుంది. పై అంతస్తులో మిషన్ నడుస్తోంది. నేను నోరు మూసుకుని చదువుకుంటున్నాను. సాబుకు వినబడనంత బాగా.